బంతి కుట్టు బయటికి ఎందుకొచ్చింది

ఒకప్పుడు తోలు బంతికి కుట్టు బయటికి కనపడేది కాదు. బంతి ఎర్రగానూ ఉండేది కాదు. ఎండుగడ్డి రంగులో, కోడిగుడ్డంత నున్నగా ఉండేది. విసిరితే తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయేది. గాలికీ దానికీ ఏ పొత్తూ లేదు.

ఆ రోజుల్లో రాళ్ళు తప్ప నీళ్ళు లేని ఒక సీమను ఓబులప్ప అనే పాలెగాడు ఏలేవాడు. అతనికి ఒక కోట, కోట వెనక ఆట మైదానం, మైదానం పక్కనే ఒక మోట బావి ఉండేవి. ఎంత కరువొచ్చినా ఆ బావి ఎండేది కాదు.

ఓబులప్పకు బంతాటంటే ప్రాణం. పొద్దున లేస్తూనే బ్యాటు పట్టేవాడు. అతని వెనక నాటిన మూడు పుల్లల్ని ఎవరూ ఎన్నడూ పడగొట్టలేదు. ఎట్లా పడగొడతారు? బంతి తిన్నగానే వస్తుందని తెలిస్తే కొట్టడం ఎంత పని?

ఆ బంతుల్ని కుట్టేది సుంకులమ్మ. వంక అవతల, తోళ్ళు పదును చేసేవాళ్ళ గూడెంలో ఆమె ఇల్లు. బెండు ముక్క చుట్టూ ఉన్ని దారం చుట్టి, దాని మీద తోలు తొడిగి, కుట్టు లోపలికి పోయేట్టు కుట్టేది. బంతి తయారయ్యాక కోట దాకా మోసుకెళ్ళేది. మైదానంలోకి రానిచ్చేవాళ్ళు కాదు. వాకిట్లో పెట్టి పక్కకు జరగాలి.

ఆ తరువాత ఓబులప్ప మనిషి ఒకడు వచ్చి బంతి మీద బిందెడు నీళ్ళు పోసి కడిగేవాడు. ఆమె చెయ్యి తగిలిందని. కడిగాకే దొర దాన్ని ముట్టుకునేవాడు.

ఒక ఏడు వానలు పడలేదు. వంక ఎండిపోయింది. గూడెంలో చెలమలు తవ్వితే తడి ఇసుక వచ్చింది గానీ నీళ్ళు రాలేదు. పిల్లలు నాలుకలు పిడచకట్టి పడుకున్నారు. కోట బావిలో మాత్రం మోట ఆడుతూనే ఉంది. దొర పూలతోటకు నీళ్ళు పారుతూనే ఉన్నాయి. గూడెం వాళ్ళకు ఆ బావి గట్టు ఎక్కే హక్కు లేదు.

సుంకులమ్మ కొత్త బంతి తీసుకుని కోటకు వెళ్ళింది. ఎప్పటిలాగే బిందెతో మనిషి వచ్చాడు. ఆమె అడ్డం నిలబడి, ఆ నీళ్ళు బంతి మీద పారబోయొద్దనీ, తన కుండలో పోస్తే పసివాళ్ళ గొంతు తడుస్తుందనీ బతిమాలింది.

మైదానంలోంచి ఓబులప్ప విన్నాడు. బ్యాటు భుజాన వేసుకుని మైదానం గోడ దగ్గరికి వచ్చాడు.

"ఏమే సుంకులీ, నీళ్ళు కావాల్నా? ఈసారి బంతికి ఎక్కడా కుట్టు జాడ కనపడకూడదు. అతుకు చూస్తే నీ చెయ్యి గుర్తొస్తోంది నాకు. అట్లాంటి బంతి తే. అప్పుడు చూస్తాం."

ఆమె నమ్మింది. ఇంటికి పోయి వేళ్ళు పగిలేలా కుట్టింది. అతుకు మీద మైనం రుద్దింది. వేలితో తడిమినా తెలియనంత నున్నటి బంతి చేసి తెచ్చింది.

ఓబులప్ప దాన్ని అటూ ఇటూ తిప్పించి చూసి బాగుందన్నాడు. కడగమన్నాడు. బిందెడు నీళ్ళూ బంతి మీద నుంచి జారి మట్టిలో ఇంకిపోయాయి. సుంకులమ్మ కుండ ఖాళీగానే ఉంది.

ఆమె ఏడవలేదు. నేల తాగేసిన ఆ తడి వంక కాసేపు చూసి వెనక్కి తిరిగింది. దారి పొడుగునా ఆమెకు ఒళ్ళు మండుతూనే ఉంది. దొర మీద మంట, అతని మాట నమ్మినందుకు తన మీద తనకు మంట.

ఇల్లు చేరేసరికి వాకిట్లో పుల్లెద్దు తోలు ఆరేసి ఉంది. పుల్లెద్దు దొర ఎద్దే. దూడ వయసు దాటింది మొదలు ఆ బావి దగ్గరే మోట లాగింది. ముసలిదై మోకాళ్ళ మీద పడి చచ్చిపోతే, ఈడ్చుకుపోయి బంతులు కుట్టమని గూడేనికి పంపించారు.

తోలు సుంకులమ్మను పిలిచింది. ఆ రోజుల్లో తోలుకు కూడా మాటలుండేవి.

"ఆ నీళ్ళు తోడింది నేను," అంది తోలు. "నా మెడ పుండు పడేదాకా తోడాను. ఒక్కనాడు నా వీపు నిమిరాడా? ఇప్పుడు నన్ను బంతి చేసి, నేను తోడిన నీళ్ళతోనే నన్ను కడిగి, కట్టెతో కొడతాడట. నన్ను నున్నగా చెయ్యొద్దు సుంకులమ్మా. నా కోపం కనపడాలి."

ఇంతలో గాలి వచ్చింది. గాలి కూడా కోపంగానే ఉంది. దుమ్ము లేస్తే ఆట పాడవుతుందని ఓబులప్ప మైదానం చుట్టూ ఎత్తుగా మట్టిగోడ కట్టించాడు. గాలి ఆ గోడకు తల కొట్టుకుని పైకెక్కి, ఎట్లాగో లోపలికి దూకేది. దూకినా లాభం లేకపోయింది. బంతిని పట్టుకుందామంటే అది నున్నగా జారిపోయేది. పట్టుకునే చోటు ఒక్కటుంటే దొర సంగతి తేల్చేదాన్నని గాలి సుంకులమ్మతో చెప్పుకుంది.

"పట్టుకునే చోటు నేనిస్తా," అంది సుంకులమ్మ.

ఆమె పనికి కూచుంది. పటిక, తంగేడు చెక్క వేసిన తొట్టిలో తోలును నానబెట్టింది. అది పదునెక్కాక చిరివేరు కషాయంలో ముంచింది. పై పైన కాదు, కోసి చూస్తే లోపల కూడా ఎర్రగా ఉండేంత దాకా ముంచింది. తోలు తన కోపాన్నంతా ఆ ఎరుపులో కలుపుకుంది. తరువాత కొవ్వు పట్టించి ఎండబెట్టింది.

నడుమ పెట్టడానికి బెండు ముక్క తీసింది. ఎంత కొట్టినా మళ్ళీ పైకి లేచే గుణం బెండుది. దాని మీద తడి ఉన్ని దారాన్ని లాగి లాగి చుట్టింది. గొర్రె ఉన్నికి కూడా దొర మీద కోపమే. చలికాలంలో గొర్రె ఒంటి మీద నుంచి దాన్ని గొరిగించి శాలువా నేయించుకున్నాడు మరి. అందుకే ఆరేకొద్దీ ఉన్ని పళ్ళు బిగించినట్టు బిగుసుకుంది. ముద్ద రాయిలా తయారైంది.

తోలును నాలుగు ముక్కలుగా కోసింది. రెండేసి ముక్కల్ని లోపలివైపు కలిపి కుట్టి, కొయ్య గుంటలో పెట్టి నొక్కి, రెండు చిప్పలు చేసింది. ఆ చిప్పల్ని ఉన్ని ముద్దకు రెండువైపులా తొడిగింది.

ఇక మిగిలింది చిప్పల్ని కలిపే కుట్టు. ఇన్నాళ్ళూ దాచిన కుట్టు అదే.

అవిసె నార దారానికి మైనం పట్టించి, సూది తీసుకుని, బయటివైపు నుంచే కుట్టడం మొదలుపెట్టింది. దారం ఒక చిప్పలో దిగి రెండో చిప్పలోంచి పైకి వచ్చేది. పైకి వచ్చిన ప్రతిసారీ ఆమె బలమంతా పెట్టి లాగేది. అతుక్కి ఆ పక్క మూడు వరసలు, ఈ పక్క మూడు వరసలు. కుట్టు అణగలేదు. గట్టు కట్టినట్టు బంతి నడుం చుట్టూ లేచి నిలబడింది.

ఎర్ర బంతిని పట్టుకుని ఆమె కోటకు వెళ్ళింది. ఈసారి వాకిట్లో ఆగలేదు. నీళ్ళ బిందె పట్టుకుని అడ్డమొచ్చిన మనిషిని పక్కకు నెట్టి నేరుగా మైదానంలోకి నడిచింది. ఆడేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు.

ఓబులప్ప బంతిని చూశాడు. ఎర్రటి తోలు, దాని చుట్టూ దాపరికం లేని తెల్ల కుట్టు. అతని మొహం కందగడ్డ అయింది. దాన్ని బయట పారెయ్యమని అరిచాడు.

"పారేస్తా ఓబులప్పా," అంది సుంకులమ్మ. అతన్ని ఎవరూ ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "నీ వెనక పుల్లల మీదికే పారేస్తా. పుల్లలు పడితే బావి అందరిదీ. పడకపోతే మా గూడెమంతా ఈ పొద్దే ఈ సీమ విడిచి పోతాం. నీకు భయమైతే చెప్పు, వెళ్ళిపోతా."

అంతమంది ముందు భయమని ఎట్లా చెబుతాడు? సరేనన్నాడు. బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఆడమనిషి విసిరే బంతి, అదీ తిన్నగా వచ్చే బంతి, గోడ దాటిస్తానని అందరికీ వినపడేలా అన్నాడు.

సుంకులమ్మ బంతిలో ఒక పక్కను చీర కొంగుకేసి రుద్దింది. ఎందుకు రుద్దిందో ఏమో, ఆ పక్క అద్దంలా మెరిసింది. రెండో పక్క మామూలుగా ఉండిపోయింది. చేనులో పిట్టల మీదికి రాళ్ళు విసిరి విసిరి అలవాటైన చెయ్యి ఆమెది. కుట్టు మీద వేళ్ళు ఆనించి, పరుగెత్తి విసిరింది.

బంతి తిన్నగానే వచ్చింది. ఓబులప్ప నవ్వుతూ కాలు ముందుకేసి బ్యాటు ఊపాడు.

అప్పుడు గాలి గోడ దూకింది. కుట్టు గట్టు దొరికింది దానికి. మెరిసే పక్కన జారిపోయింది గానీ, గరుకు పక్కన గట్టిగా పట్టుకుని బంతిని తనవైపుకు లాగింది. బంతి దారి మారింది. బ్యాటు ఉత్త గాలిని కొట్టింది. నడిమి పుల్ల ఎగిరి వెనక పడింది.



కాలు జారిందనీ, అది లెక్కలోకి రాదనీ ఓబులప్ప గొడవపడ్డాడు. సుంకులమ్మ వాదించలేదు. బంతి తీసుకుని, మెరిసే పక్కను ఈసారి అటువైపు తిప్పి పట్టుకుని మళ్ళీ విసిరింది. ఇంతకుముందులాగే తిరుగుతుందని అతను అటు ఆడాడు. బంతి ఇటు తిరిగింది. మిగతా రెండు పుల్లలూ పడ్డాయి.

మోట తోలే ముసలాయన బావి దగ్గర నిలబడి అంతా చూస్తున్నాడు. పుల్లెద్దును తోలింది ఆయనే. ఎవరినీ అడక్కుండా మోట తాడు సరిచేసి, గూడెం వాళ్ళను రమ్మని చెయ్యి ఊపాడు. ఆడవాళ్ళు కుండలతో వచ్చారు. ఓబులప్ప అరిచాడు. బ్యాటు నేలకేసి కొట్టాడు. అతని మనుషులు ఒక్కరూ కదల్లేదు. వాళ్ళకు కూడా ఆ బావి విషయంలో ఎన్నాళ్ళ నుంచో బయటికి చెప్పుకోలేని కోపం ఉంది.

ఓబులప్ప మళ్ళీ ఎర్ర బంతి జోలికి పోలేదు. పట్నం నుంచి కుట్టు మర ఒకటి తెప్పించి, దాంతో వేరే బంతులు కుట్టించాడు. తోలు కోపం కనపడకుండా పైన తెల్లరంగు పూతలు పూయించాడు. మరకు కోపమేం తెలుసు? చేతి కుట్టులో దారం రెండు చిప్పల్నీ కలిపి బిగిస్తుంది. మర దారం ఏ చిప్పకాచిప్పనే పట్టుకుంది. ఆ కుట్టు లేచి నిలబడింది గానీ ఎక్కువసేపు నిలవలేదు.

మొదట్లో తెల్ల బంతి కూడా తిరగబడింది. గాలి దాన్ని కూడా పట్టుకుంది. నాలుగు దెబ్బలు పడేసరికి కుట్టు వంగిపోయింది, పూత మాసింది, గాలికి పట్టు తప్పింది. తరువాత అది చెప్పినచోటికే పోయింది. మొదట కాసేపు ఓర్చుకుని, తరువాత ఇష్టం వచ్చినట్టు బాదడం ఓబులప్ప నేర్చుకున్నాడు.

తోలు అది చూసి అసహ్యించుకుంది. ఆ రోజుతో మాట్లాడడం మానేసింది. ఎన్ని దెబ్బలు కొట్టినా నోరెత్తి ఏమీ అనదు. చెప్పాల్సిందంతా గాలిలో ఉన్నప్పుడే చెబుతుంది.

అప్పటినుంచే బంతి విసిరేవాళ్ళు ఒక పక్కనే బట్టకేసి రుద్దుతారు. అప్పటినుంచే తెల్ల బంతి కోపం కాసేపటికే చల్లారిపోతుంది, ఎర్ర బంతి కోపం మాత్రం పొద్దు వాలినా దిగదు. మర కుట్టు తొందరగా అణిగిపోతుంది. చేతి కుట్టు మాత్రం, తోలు గీసుకుపోయినా, రంగు వెలిసిపోయినా, నిలబడే ఉంటుంది.