పన్నెండు రసమట్టాలు

కొత్త సావడి నేల తూర్పుకు వాలిందని కుళ్ళాయప్ప అన్నాడు. చెవిలో చెప్పి ఉంటే అంతటితో పోయేది. గురువారం మధ్యాహ్నం నలభైమంది అన్నానికి కూర్చుని ఉన్నారు. ఆ నేల పరిచిన బేల్దారి సుంకన్న కూడా వాళ్ళ మధ్యే విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు. అప్పుడన్నాడు.

ఆ చోటు కడప జిల్లాలో, నాపరాతి గనుల పక్కన. మౌలాలి తాత అనే ఫకీరు అక్కడ ఉండేవాడు. ఫకీరంటే జోలె పట్టుకుని తిరిగే మనిషి కాదు, రేకుల పని చేసేవాడు. పాత నూనె డబ్బాలు కోసి గరాటులు, దీపపు బుడ్లు, చేదలు చేసేవాడు. వాటి మీద వచ్చిన దానితో ప్రతి గురువారం గని కూలీలకు అన్నం పెట్టేవాడు. దేవుడి గురించి అడగడానికి ఎవరైనా వస్తే వాళ్ళ చేతిలో రేకు కత్తెర పెట్టేవాడు. చాలామంది వారం తిరక్కుండానే చెప్పకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

కుళ్ళాయప్ప మాత్రం ఆరేళ్ళుగా ఉండిపోయాడు. గనిలో బండలు కొలిచే పని మానుకుని వచ్చిన మనిషి. కొలత తప్పితే ఊరుకోడు. తాతంటే ప్రాణం. తాత కూర్చున్న చోట కూర్చోడు, తాత తాగిన లోటాతో నీళ్ళు తాగడు. తాతను ఎవరైనా ఒక్క మాటంటే కొట్లాటకు పోయేవాడు. తాతకు ఇదంతా చిరాకే. కానీ ఎన్నిసార్లని విసుక్కుంటాడు?

ఆ వేసవిలో కుళ్ళాయప్పకు ఒక ఆలోచన పుట్టింది. నేల మట్టంగా ఉందో లేదో చూసుకోవడానికి బేల్దార్లకు రసమట్టం అనే పనిముట్టు ఉంది. ఒక పట్టె, పట్టెలో గాజుగొట్టం, గొట్టంలో రసం, రసంలో ఒక బుడగ. బుడగ నడిమి గీతల మధ్య నిలబడితే మట్టం. లేకపోతే ఎత్తున్న వైపుకు జరుగుతుంది. కాకపోతే పట్నంలో దొరికే ఇత్తడి రసమట్టం ఆ పక్క బేల్దార్లకు అందే వస్తువు కాదు. వాళ్ళు దారం లాగి, బద్ద పెట్టి, కన్ను చికిలించి పని కానిచ్చేవాళ్ళు. అదే పనిముట్టు డబ్బా రేకుతో చేసి ఊరికే పంచిపెడితే బాగుంటుంది కదా అని అతని ఆలోచన.

తాత సరేనన్నాడు. పని నాలుగు నెలలు పట్టింది.

మూరెడు రేకు చదునుగా ఉంటే చేతిలోనే వంగిపోతుంది. రెండంచులూ కిందికి మడిస్తే కర్రలా గట్టిపడుతుంది. ఆ మడత తాత నేర్పాడు. గొట్టాలకు హోమియో మాత్రల సన్నటి సీసాలు దొరికాయి. మొదట్లో వాటిలో బుడగ ఈ చివరికో ఆ చివరికో పరుగెత్తేదే తప్ప మధ్యలో నిలిచేది కాదు. నెలరోజులు తల పట్టుకున్నాక కుళ్ళాయప్పకు తెలిసింది, గొట్టం మరీ తిన్నగా ఉండకూడదని. దీపం మీద కాచి, కనీ కనపడనంతగా వంచి, వంపు పైకి పెట్టి చూశాడు. బుడగ బుద్ధిగా నడిమికొచ్చి కూర్చుంది. ఆ రోజు సంతోషంతో అన్నం కూడా తినలేదు.

గొట్టంలో స్పిరిట్ నింపి, బిరడా బిగించి, లక్కతో మూశాడు. రేకు పట్టె నడుమ కిటికీ కోసి గొట్టాన్ని లక్కలో కూర్చాడు. లక్క వెచ్చగా ఉండగానే పట్టెను తాత పనిబల్ల మీద పెట్టి, బుడగ నడిమికొచ్చేదాకా గొట్టాన్ని ఒత్తి, బుడగకు అటూ ఇటూ రెండు గీతలు గీశాడు. గోడకు తగిలించుకోవడానికి కుడి చివర చిన్న ఉంగరం అతికాడు. ఈ విధంగా పన్నెండు రసమట్టాలు చేశాడు.

పన్నెండోది పూర్తయిన మర్నాడే ఆ గురువారం. తాత డబ్బాల కోసం పక్క ఊరికి పోయాడు. అన్నానికి వచ్చిన వాళ్ళకు చూపిద్దామని కుళ్ళాయప్ప ఒక రసమట్టాన్ని కొత్త నేల మీద పెట్టాడు. ఉంగరం కుడి చేతివైపు, అంటే తూర్పున. బుడగ పడమరకు జరిగింది. పడమర ఎత్తు, తూర్పు పల్లం అన్నమాట. రెండోది పెట్టాడు. అదీ అదే చెప్పింది. పన్నెండూ తెచ్చి, ఉంగరాలన్నీ ఒకే వైపు ఉండేలా వరసగా పేర్చాడు. పన్నెండు బుడగలూ పడమటి వైపే ఉన్నాయి.

"సుంకన్న మేస్త్రీ, నీ నేల తూర్పుకు వాలిండాది," అన్నాడు. రోజూ మామా అని పిలిచేవాడు ఆ రోజు మేస్త్రీ అన్నాడు.

"వాన పడే చోటు కాదు, కడిగే చోటు కాదని వాలు పెట్టలేదు నాయనా. మట్టంగానే పరిచినా," అన్నాడు సుంకన్న.

"ఒకటి చెప్తే సరే, తప్పనుకుందాం. పన్నెండు చెప్తాండాయి."

తింటున్న వాళ్ళు ఆగి చూశారు. ఎవరో నవ్వారు కూడా. సుంకన్న చెయ్యి కడుక్కొచ్చి, మోకాళ్ళ మీద వంగి, ఒక్కొక్క బుడగనే చూసుకుంటూ పోయాడు. పన్నెండోదాని దాకా చూసి లేచి నిలబడ్డాడు.

అరవై దాటిన మనిషి. ఏడాదిగా ఎడమ కంట్లో నీరు కారుతోంది. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. బండ పరిచిన ప్రతిసారీ కన్ను మోసం చేస్తుందేమోనని లోపల్లోపల భయపడుతూనే ఉన్నాడు. ఇప్పుడు ఆ భయానికి పన్నెండు సాక్ష్యాలు దొరికాయి. ఆ ముసలాయన పడిన బాధ ఇంతా అంతా కాదు. విస్తరిలో అన్నం అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు.

శుక్రవారం పొద్దున తాత తిరిగొచ్చేసరికి గుమ్మం పక్కన సుంకన్న తాపీ కనిపించింది. శుభ్రంగా కడిగి, తుడిచి పెట్టి ఉంది. లోపల సుంకన్న ఒక్కడే గడ్డపారతో బండలు లేపుతున్నాడు. అప్పటికే ఏడు లేచాయి. ఒకటి పగిలింది.

"ఏంది సుంకన్నా ఇది?" అన్నాడు తాత.

"నేల వాలింది సామీ. లేపేదొకటి నేను లేపి పోతా, పరిచేది వేరే ఎవరినన్నా పిలుచుకోండి. నాకు కన్ను పోయినాది. ఇంక తాపీ పట్టను," అని సుంకన్న ఒక బండను వీపు మీద ఎత్తుకుని బయటికి మోసుకుపోయాడు.

కుళ్ళాయప్ప జరిగిందంతా చెప్పాడు. "నాకూ బాధగానే ఉండాది తాతా. అయినా మట్టం మట్టమే కదా," అన్నాడు. బాధ ఉన్నమాట నిజమే. దాని పక్కనే తన పనిముట్టు నిజం పట్టుకుందన్న సంబరమూ ఉంది. అది గొంతులో దాగలేదు.

"ఏదీ, చూపించు."

లేపని బండ ఒకదాని మీద కుళ్ళాయప్ప రసమట్టం పెట్టాడు. ఉంగరం తూర్పున. బుడగ పడమరకు జరిగింది.

తాత చతికిలబడి కాసేపు చూశాడు. తర్వాత ఆ పట్టెను రెండు చేతులతో ఎత్తి, అటు చివర ఇటు, ఇటు చివర అటు తిప్పి, అదే బండ మీద అదే చోట పెట్టాడు. ఇప్పుడు ఉంగరం పడమర ఉంది. బుడగ మెల్లగా తూర్పుకు పోయి ఆగింది.

"ఇప్పుడు యాడికి వాలింది?"

కుళ్ళాయప్ప వంగి బుడగ చూశాడు. "పడమరకు."

"నేల కదిలిందా?"

"లేదు తాతా."

కుళ్ళాయప్ప రెండోది తెచ్చి పెట్టాడు, తిప్పాడు. మూడోది తిప్పాడు. ప్రతిదానిలోనూ బుడగ ఉంగరానికి దూరంగానే పోతోంది, నేలతో సంబంధం లేకుండా. ఆరోదీ అంతే. అక్కడితో ఆపేశాడు.

"పన్నెండూ ఒకటే మాట చెప్పినాయే తాతా!"

"గీతలు యాడ పెట్టి గీసినావు?"

"నీ బల్ల మీద."

"బల్ల మట్టంగా ఉండాదా లేదా అని చూసుకున్నావా?"

కుళ్ళాయప్ప ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూశాడు. "నీ బల్ల కదా తాతా," అన్నాడు.

తాత ముఖం మారింది. ఆరేళ్ళలో కుళ్ళాయప్ప ఆ ముఖం చూడలేదు. కోపం అనడానికి లేదు. తాత లేచి, ఒక రసమట్టం తీసుకుని, తన పనిబల్ల దగ్గరికి నడిచాడు. ఉంగరం కుడివైపు ఉండేలా బల్ల మీద పెట్టాడు. బుడగ గీతల మధ్య నిలబడింది. తిప్పి పెట్టాడు. బుడగ గొట్టం చివరిదాకా పరుగెత్తింది. తాత వంగి బల్ల కింద చెయ్యి పెట్టి చూశాడు. ఎడమవైపు కాళ్ళు రెండూ వేలెడు లోతు మట్టిలో దిగిపోయి ఉన్నాయి. నలభై ఏళ్ళుగా సుత్తి దెబ్బలన్నీ ఆ పక్కనే పడ్డాయి.

"పన్నెండూ ఒకటే బల్ల దగ్గర నేర్చుకున్నాయి," అన్నాడు తాత.

కుళ్ళాయప్ప లేచాడు. "సుంకన్న మామను పక్కకు పిలిచి చెప్పేసొస్తా తాతా. నేల బాగానే ఉండాదంటా," అన్నాడు.

"నిన్న ఎవరి ముందర అన్నావు?"

కుళ్ళాయప్ప మళ్ళీ కూర్చున్నాడు.

మధ్యాహ్నం గంట కొట్టగానే గని కూలీలు తాత కుండల దగ్గరికి నీళ్ళకు వస్తారు. సుంకన్న అప్పటిదాకా లేపిన బండలను ఒక్కొక్కటే బయటికి మోసి పేరుస్తున్నాడు. కూలీలు వచ్చేదాకా కుళ్ళాయప్ప సావడి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ రెండు గంటలు అతనికి ఆరేళ్ళకన్నా పొడుగ్గా తోచాయి. నిన్నటి వాళ్ళలో సగానికి పైగా వచ్చాక గొంతెత్తి చెప్పాడు.

"సుంకన్న మామ పరిచిన నేల వాలలేదు. నేను చేసిన రసమట్టాలే తప్పు. పన్నెండూ తప్పే."

కూలీలు లోటాలు పట్టుకుని నిలబడిపోయారు. ఎనిమిదో బండకు గడ్డపార పెట్టబోతున్న సుంకన్న ఆగాడు గానీ వెనక్కి తిరగలేదు.

"నామీద జాలిపడొద్దు నాయనా. ముసలోన్ని సముదాయించడానికి చెప్తాండావు. నా కన్ను సంగతి నాకు తెలుసు."

కుళ్ళాయప్ప లోపలికి వచ్చాడు. రసమట్టం తీసుకుపోయి సుంకన్న ముందు బండ మీద పెట్టాడు. బుడగ జరిగింది. తిప్పి పెట్టాడు. బుడగ రెండో వైపుకు జరిగింది. సుంకన్న గడ్డపార కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి తనే తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. గీతల నడిమి నుంచి బుడగ ఎంత దూరం పోయిందో బొటనవేలి గోరుతో కొలిచాడు. ఇటు కొలిచాడు, అటు కొలిచాడు.

"రెండు పక్కలా ఒకటే ఎడం," అన్నాడు తనలో తనే.

కుళ్ళాయప్ప అది గమనించనే లేదు. పనిముట్టు తప్పని మాత్రమే అతనికి తెలిసింది. నేల నిజంగా మట్టమేనని ఆ ఎడం చూసి తెలుసుకున్నది సుంకన్నే. ఒకవైపుకు వాలి ఉంటే ఒక పక్క ఎక్కువ జరగాలి, ఇంకో పక్క తక్కువ జరగాలి. గోరు పెట్టి ఇంకోసారి కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

సుంకన్న ఏడ్చాడు. అంతమంది ముందు, సిగ్గుపడకుండా, పైగుడ్డ కళ్ళకు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని కోపం తెచ్చుకున్నాడు.

"ఏడు బండలు లేపించినావు గదరా! ఒకటి పగిలె!"

"తప్పు నాది మామా."

"నీదేలే. పో, సున్నం కలుపు. పల్చన కానీవొద్దు," అన్నాడు సుంకన్న. "అట్లే గుమ్మం కాడ నా తాపీ ఉండాది, అందుకో."

కుళ్ళాయప్ప తాపీ తెచ్చి ఇచ్చాడు. సున్నం, ఇసుక కుప్ప పోసి, నడుమ గుంట చేసి నీళ్ళు పోశాడు. చేతులు మంటపుట్టినా ఆపలేదు. కూలీలు ఒక్కొక్కరే లోటాలు బోర్లించి గనికి వెళ్ళిపోయారు.

కాసేపటికి తాత వచ్చాడు. చొక్కా విప్పి గోడకు తగిలించి, సున్నం కుప్పకు రెండో పక్కన చేరి పార అందుకున్నాడు.

సుంకన్న కంగారుగా లేచాడు. "నువ్వెందుకు సామీ? తప్పు చేసినోడు కలుపుతాండాడు గదా. నువ్వు లెయ్."

తాత పార ఆపకుండానే అన్నాడు.

"బల్ల నాది సుంకన్నా."