పచ్చ దీపం ఆరేదాకా

నా పేరు దానమ్మ. ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. మా సారు అన్న ఒక మాట మనసులోంచి పోక, ఆయన దగ్గర చదువుకునే ప్రణవి ఇచ్చిన నోటుబుక్కులో ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

విరూపాక్షం సారు ల్యాబులో కెర్నెల్, అంటే కంప్యూటరుని లోపల్నుంచి నడిపే ప్రోగ్రాం, రాయటం నేర్చుకునే పిల్లలుంటారు. ఆ ల్యాబు పదకొండేళ్లుగా ఊడ్చి తుడిచేది నేనే. అక్కడ ఒక పెద్ద కంప్యూటరు మిషను లోపల కొన్ని ఉత్తుత్తి మిషన్లు నడుస్తుంటాయి. రాసుకోటానికీ చదువుకోటానికీ వాటికంటూ సొంత కార్డులుండవు. పెద్దదాని కార్డులనే తమవనుకుని వాడుకుంటాయి. ఇచ్చేదీ, మళ్లీ తీసుకునేదీ కెర్నెల్. తీసుకునే ముందు అడగాలి. అడగ్గానే కార్డు పక్కన పచ్చ దీపం మిణుకుతుంది. లోపలిది పని ముగించుకుని "వదిలాను" అంటే ఆరిపోతుంది. ఆరేదాకా అక్కడ గుడ్డ కూడా పెట్టవద్దని సారు మొదటి రోజే నాకు చెప్పారు. ఎవరేమడిగినా ఆయన వాదించరు. పక్కనే జరుగుతున్నది ఏదో ఒకటి చూపిస్తారు.

ఆ రోజు ప్రణవి వచ్చేసరికి దీపం ఇంకా మిణుకుతూనే ఉంది. ముందు రోజు నుంచీ అంతే.

"లోపలిదానికి మతి పోయింది సార్. ఏమడిగినా పలకదు. ఇంకెంతసేపు బతిమాలాలి దాన్ని? ముప్పై సెకన్లు చూసి కార్డు లాగేసేట్టు రాసేస్తాను," అంది.

సారు నా వైపు తిరిగారు. నేను అప్పుడే వచ్చాను, గంట ఆలస్యంగా. రేపు ఎనిమిది దాటితే ఇక రావద్దని సూపర్‌వైజర్ బాలస్వామి గుమ్మంలోనే చెప్పేశాడు. ఆ మాట సారు కూడా విన్నారు.

"దానమ్మా, రోజూ ఎందుకు ఆలస్యమవుతోందో ఈ అమ్మాయికి చెప్పు," అన్నారు.

నలుగురిలో మాట్లాడటం నాకు చేత కాదు. చేతిలో చీపురు చూసుకుంటూ చెప్పాను. మా అమ్మకి మతి పోయి మూడేళ్లయింది. నేనెవరో తెలియదు. కానీ పొద్దున లేస్తూనే నా కొంగు పట్టుకుంటుంది. "పనికెళ్లాలమ్మా, వదులు" అని అడిగి, పక్కనే కూర్చుంటాను. ఒకరోజు పది నిమిషాలు, ఒకరోజు గంట. వదిలాక పక్కింటి ఖాసింబీకి అప్పజెప్పి బయల్దేరతాను.

"నువ్వెవరో తెలియదంటున్నావుగా అక్కా, లాక్కుని వచ్చేయొచ్చుగా?" అంది ప్రణవి.

"ఒకసారి లాక్కున్నానమ్మా. నేను తిరిగెళ్లేదాకా ఆ చెయ్యి గాల్లో వెతుకుతూనే ఉందంట. ఖాసింబీ ముద్ద పెట్టబోతే ముద్దని తోసేసి మరీ వెతికిందంట."

ప్రణవి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తర్వాత, "పోయినవారం నేను లాగేసినప్పుడూ అంతే అయింది. లేని కార్డులో రాస్తూ పోయింది, పెద్ద మిషను కూడా దానితోపాటే ఆగిపోయింది," అంది మెల్లగా. "మరి ఎప్పటికీ వదలకపోతే సార్?"

రేపటి సంగతి తలుచుకుంటూ నేనూ ఆ జవాబు కోసమే నిలబడ్డాను.

"ఆ చేతిలో ఏదో ఒకటి ఉంచి రావాలి. ఉత్తుత్తి కార్డు," అన్నారు సారు. "అందులో రాసింది ఎక్కడికీ చేరదు. చదివితే ఏమీ రాదు. చెయ్యి మాత్రం ఖాళీగా ఉండదు."

"అసలుది వెళ్లిపోయిందని దానికి తెలుస్తుందా?"

సారు ఆ దీపం వైపు చూశారు.

"తెలిస్తే బాగుండు," అన్నారు.

మర్నాడు ఏడు దాటినా అమ్మ వదల్లేదు. మూడుసార్లు అడిగాను. ఖాసింబీ గుమ్మంలో నిలబడి గడియారం చూపించింది. కొంగు అమ్మ గుప్పిట్లోనే ఉంచి, కట్టుకున్న చీర మొత్తం విప్పేసి, తాడు మీద ఆరేసిన ఇంకో చీర చుట్టుకున్నాను. అమ్మ ఆ విప్పిన చీరని ఒళ్లోకి లాక్కుంది. నిమురుతూ, మూడేళ్లుగా ఆమె నోట రాని నా పేరు పెట్టి దాన్ని పిలిచింది. నేను గుమ్మం దాకా వెళ్లి ఆగాను. పలికితే మళ్లీ చెయ్యి చాస్తుందని పలకలేదు. ఎనిమిది కాకముందే ల్యాబులో చీపురు పట్టుకున్నాను.