గేటు దాకా వెళ్ళొచ్చే యంత్రం

ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు అచ్చమాంబగారికి లేదు. ఏదో ఒక పని చేతికిచ్చేవారు. గోదావరి గట్టున ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి వేదాంత చర్చ ఆశించి వచ్చినవాళ్ళలో చాలామంది చింతపండు గింజలు తీసి వెళ్ళినవాళ్ళే.

భుజంగరావు ఆ రోజు చర్చ కోసం రాలేదు, భయంతో వచ్చాడు. విద్యుత్ శాఖలో రిటైరయ్యాక ఆశ్రమంలో చేరి, దూరాన ఉన్న భక్తుల ఈమెయిళ్ళకి అమ్మగారు చెప్పే జవాబులు కంప్యూటర్లో టైపు చేస్తుంటాడు. కొన్నాళ్ళుగా టైపు చేస్తుంటే ఉన్నట్టుండి అక్షరాలు రావడం మానేస్తున్నాయి. వేలు సరిగ్గా పడలేదేమోనని మళ్ళీ నొక్కితే, కాసేపటికి అన్నీ రెండేసి చొప్పున ఊడిపడుతున్నాయి. అతని అన్నగారు మతిమరుపు జబ్బుతో పోయారు. ఆయనకీ మొదట్లో ఇలాగే చేతికీ బుర్రకీ పొంతన తప్పింది. అది తలుచుకుంటే భుజంగరావుకి ముద్ద దిగడం లేదు.

"నా బుర్ర పోతున్నట్టుందండి అమ్మగారూ. ఈ సేవ ఇంకెవరికైనా అప్పగించండి. పూర్తిగా పోయేలోపు నేనెలా ఉండాలో మాత్రం చెప్పండి," అన్నాడు.

అమ్మగారు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. టైపు చెయ్యమన్నారు. అక్షరాలు కొంతదూరం నడిచాయి, ఆగాయి, మళ్ళీ పొలోమని వచ్చిపడ్డాయి.

"ఆ మూల చక్రంలా తిరుగుతోంది, ఏమిటది?"

"కొత్త ఉత్తరాలు వచ్చాయేమో చూస్తోందండి. నిమిషానికోసారి చూడమని నేనే పెట్టాను. వచ్చినవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టకూడదని మన నియమం కదండీ."

ఆవిడ అతన్ని వసారాలోకి తీసుకెళ్ళి, నందివర్ధనం పూలబుట్ట ముందు కూర్చోబెట్టి మాల కట్టమన్నారు. అటు రెండు పూలూ ఇటు రెండు పూలూ పెట్టి అతను ముడి వెయ్యబోతుంటే, "గేటు దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూసిరా నాయనా," అన్నారు. వెళ్ళాడు. ఎవరూ లేరు. తిరిగొచ్చేసరికి దారం వదులై పూలు జారిపోయాయి. మళ్ళీ పేర్చాడు, మళ్ళీ చూసిరమ్మన్నారు. అలా వెళ్తూ వస్తూనే పొద్దెక్కింది గానీ మాల మాత్రం జానెడు కూడా సాగలేదు. గురువుగారి మీద విసుక్కోకూడదని అతనికి తెలుసు, కానీ విసుగొచ్చేసింది.

"అస్తమానం గేటు దాకా తిప్పుతుంటే చేతులెలా ఆడతాయండీ," అన్నాడు. అంటూనే కంప్యూటరున్న గది వైపు చూశాడు.

పూలు అక్కడే వదిలేసి గదిలోకి పరుగెత్తాడు. తను అడిగినప్పుడు తప్ప ఉత్తరాల కోసం వెతకొద్దని యంత్రానికి మార్చి చెప్పి, టైపు చేశాడు. అక్షరాలు వేలి వెంటే వచ్చాయి. అమ్మగారు నిన్న చెప్పిన జవాబంతా ఎక్కడా ఆగకుండా, ఒక్కటీ రెండుసార్లు పడకుండా కొట్టేశాడు. అతనికి ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు తుడుచుకుంటూ వసారాలోకి వచ్చాడు.

"నా బుర్ర బాగానే ఉందండి. చెంచా జారినా, ఎవరి పేరైనా గుర్తుకు రాకపోయినా, జబ్బు వచ్చేసిందేమోనని ఇన్నాళ్ళూ చూసుకుంటూనే ఉన్నాను. చూసుకున్నకొద్దీ ఇంకా తడబడ్డాను," అన్నాడు నవ్వుతూ.

అతను వదిలేసిన మాలని అమ్మగారు ఈలోపు పూర్తి చేశారు. చివరి ముడి బిగించి, దారం తెంపారు.

"యంత్రానికి చెప్పావు, మంచిపని చేశావు. నీ లోపల గేటు దాకా తిరుగుతున్నవాడు కూడా ఒకడున్నాడుగా నాయనా. వాడికీ చెప్పి భోజనానికి రా."