ముంచితేనే తేలిన నావ

సారెలంక రేవులో గంగాద్రి అనే పడవల మేస్త్రి ఉండేవాడు, పనితనంలో ఎదురులేనివాడే గానీ ఎవరైనా తనను చూసి నవ్వితే మాత్రం బొత్తిగా తట్టుకోలేకపోయేవాడు. తిడితే పడేవాడు. నవ్వితే మాత్రం అతనికి అన్నం సయించేది కాదు. ఒకసారి సంతలో కాలుజారి పడినప్పుడు ఎవరో కిసుక్కుమన్నారని, ఆ ఏడాదంతా సంతకు చుట్టుదారిన వెళ్లాడు!

ఆ ఊళ్లో ఒక పాత చెక్క నావ ఉండేది. గంగాద్రి తాత చేసిన నావ అది. ఏటా జాతరలో ముత్యాలమ్మ గరగను, అంటే పూలు చుట్టిన అమ్మవారి కలశాన్ని, ఆ నావే ఏరు దాటించేది. ఫైబరు పడవలు వచ్చాక దాన్ని ఓ పాకలోకి తోసేశారు. అక్కడే ఎండిపోయి, రంగు పెచ్చులూడి, చివరికి కోళ్లకు కాపురమైంది. ఆ ఏడు ఊరిపెద్ద బుల్లియ్య గంగాద్రిని పిలిపించాడు.

"ఒరేయ్, జాతర నాటికి మీ తాత నావ తేలిందా, గరగ దాని మీదే. తేల్లేదా, ఆ మర్యాద ఇక ఎప్పటికీ ఫైబరు పడవదే. నావని పొయ్యిలోకి ఇచ్చేద్దాం" అన్నాడు.

"ఆయ్, తేలుద్దండి!" అని గంగాద్రి ఒక్క పరుగున పాకకు వెళ్లి కోళ్లను తోలేశాడు.

ఇక చూడాలి ఆ సందడి! పాత రంగు గీకేకొద్దీ కింద తాత ఉలి గుర్తులు బయటపడ్డాయి. "అత్తా, రా, రా, చూడు!" అని మేనమామ భార్య వరహాలమ్మను కేకేశాడు. ఆమె ఆ ఊరికి కోడలిగా దిగింది ఆ నావ మీది నుంచే. చనిపోయిన భర్త చాలా ఏళ్లు దానికే తెడ్డు వేశాడు. ఇంకొక్కసారి గరగ దాని మీద వెళ్లడం చూడాలని ఆమె కోరిక. గంగాద్రి పుచ్చిన పలకలు తీసి టేకు పలకలు బిగించాడు. సందుల్లో మెత్తగా పేనిన దూది నొక్కి గుగ్గిలం పూశాడు. ముక్కుకు పసుపు రంగు, అంచులకు ఎరుపు వేశాడు. ఆ మెరుపు చూసి ఊరంతా మురిసిపోయింది.

ఎండిన చెక్క నీళ్లు తాగితేనే ఉబ్బుతుంది, ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. అందుకే బాగుచేసిన పాత నావను ముందు కొన్నాళ్లు నీళ్లలో ముంచి ఉంచాలి. గంగాద్రికి ఇది తెలియక కాదు. ఇదివరకు ఏ నావనైనా ఊరవతల మడుగులో, ఎవరి కంటా పడకుండా ముంచేవాడు. ఈసారి జనమే ఉత్సాహం పట్టలేక నావను రేవుకు మోసుకొచ్చేశారు. జాతర ఇంకా పక్షం రోజులుంది. నావ నీళ్లలోకి దిగింది, బుడబుడమంటూ అంచుల దాకా మునిగింది.

"గంగాద్రీ, నావ చేశావా, కుడితి గోలెం చేశావా? మా గేదెని తోలుకు రమ్మంటావా?" అన్నాడు టీకొట్టు తాతబ్బాయి. రేవంతా గొల్లుమంది.

"నవ్వితే నవ్వనీరా. దాన్ని కదపకు, తాగనీ" అంది వరహాలమ్మ.

గంగాద్రి వింటేనా! సాయంత్రానికల్లా నావను ఒడ్డుకు లాగించాడు. ఉన్న దూదికి తోడు గట్టి తాళ్లు సుత్తితో దట్టించి, పైన రాయిలా గట్టిపడే లప్పం కూరాడు. మర్నాడు దింపితే చుక్క నీరు రాలేదు! ఈలలు, చప్పట్లు! తాతబ్బాయి టీ తెచ్చి చేతికిచ్చాడు. గంగాద్రి నావ మీద నిలబడి మీసం దువ్వాడు.

"మరి చెక్క ఉబ్బితే ఎటు పోద్దిరా?" అని అడిగింది వరహాలమ్మ.

"నువ్వూరుకో అత్తా" అన్నాడు.

అత్త ఊరుకుంది గానీ చెక్క ఊరుకుంటుందా! నీళ్లు పీల్చి రోజురోజుకూ ఉబ్బింది. కదలడానికి సందు లేక పలకలు ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. జాతర వారం ఉందనగా ఓసారి సరిచూద్దామని డప్పులతో, జనంతో నావను ఏటి నడుమకు తీసుకెళ్లారు. ముక్కు దగ్గర వరహాలమ్మ దర్జాగా కూర్చుంది. ఫట్‌మని ఒక్క చప్పుడు! మేకులు ఊడి పలక బయటికి తన్నుకొచ్చింది. నీరు ఉవ్వెత్తున లోపలికి దూకింది. ఈతొచ్చినవాళ్లు ఈదారు. వరహాలమ్మ మునిగిపోయింది. గంగాద్రి బుడుంగున మునిగి, ఆమె జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు.

ఈసారి ఒడ్డున ఒక్కరూ నవ్వలేదు. వరహాలమ్మ తాగిన నీళ్లు కక్కి, ఊపిరి కూడదీసుకుని అంది: "నవ్వినోళ్లు నన్ను ముంచలేదురా. నువ్వు ముంచావు."

గంగాద్రి ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. "ఇక ఫైబరు పడవ కడిగించండి" అని బుల్లియ్య వెళ్లిపోయాడు.

గంగాద్రి ఆ పూటే మునిగిన నావను ఒడ్డుకు లాగించి ఉలి పట్టాడు. లప్పం అంతా చెక్కేసి, తాళ్లు పీకేసి, విరిగిన పలక మార్చి, మళ్లీ మెత్తని దూదే నొక్కాడు. తర్వాత నావను మడుగుకు కాదు, జాతర దుకాణాలు వెలుస్తున్న రేవుకే తెచ్చాడు. పట్టపగలు, అందరి ఎదుటా ముంచాడు. తానూ అందులో పీకల్లోతున కూర్చున్నాడు.

"మళ్లీ మునిగిందిరోయ్!" అని తాతబ్బాయి అరిచాడు.

"మునిగింది! రండి, దగ్గరకొచ్చి చూడండి!" అంటూ గంగాద్రి కూడా పకపకా నవ్వాడు. జాతర దాకా వచ్చేపోయేవాళ్లంతా నవ్వుతూనే ఉన్నారు. నావను మాత్రం అతను కదపలేదు.

జాతర రోజు గరగ రేవుకు వచ్చింది. ఫైబరు పడవ పూలదండలతో సిద్ధంగా ఉంది.

"బుల్లియ్యగారూ, ఒక్క క్షణం ఆగండి!" అని గంగాద్రి నావలోకి దూకి బకెట్లతో నీళ్లు తోడసాగాడు. ఉండబట్టలేక తాతబ్బాయి కూడా టీ గిన్నెతో దూకాడు. నీరు తగ్గేకొద్దీ నావ లేచింది. ఎర్రటి అంచు పైకి వచ్చింది, పసుపు ముక్కు పైకి వచ్చింది! గంగాద్రి అరచేత్తో అడుగంతా తడిమాడు. ఎక్కడా ఊట లేదు.

"తేలిందండోయ్!"

డప్పులు హోరెత్తాయి. అందరికంటే ముందు వరహాలమ్మ నావ ఎక్కి, "అమ్మని ఇటు తెండి" అంది. బుల్లియ్య కళ్లు తుడుచుకుని తలూపాడు. కేకల మధ్య, కేరింతల మధ్య గరగ ఏరు దాటింది.

పిల్లలూ, నలుగురు నవ్వుతారని సరైన పనిని మధ్యలో చెడగొట్టుకోకూడదు. నవ్వును ఓర్చుకున్నవాడే పనిని గట్టెక్కిస్తాడు.