కుక్కలు తవ్విన గుంతలో వెలసిన భైరవస్వామి

బూదిగడ్డపల్లె దాటిన తర్వాత తారు రోడ్డు ఇసుక వంక దాకా వస్తుంది. అక్కడి నుంచి భక్తులు నడిచి రావలసిందే. కరెంటు స్తంభాలు కూడా వంక అవతలే ఆగిపోయాయి. కుళాయి లేదు, చెత్తబండి రాదు. కాబట్టి ఎవరి ఆకులు, ఎవరి పొట్లాలు వారే మూటగట్టుకుని వెనక్కి తీసుకుపోవాలని మనవి. వంక దాటగానే కుక్కలు ఎదురు వస్తాయి. బెదరవద్దు, పరుగెత్తవద్దు. అవి కరిచేవి కావు, వాసన చూసి తోవ చూపుతాయి. చెప్పులను మాత్రం తుమ్మకొమ్మకు తగిలించుకోవడం మేలు. కింద విడిచిన చెప్పు తిరిగి దొరుకుతుందని దేవస్థానం వారు మాట ఇవ్వలేరు.

ఇక్కడ స్వామి నిలబడి ఉండడు, పీఠం మీద కూర్చుని ఉండడు. గుంతలో ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉంటాడు. అందుకే ఈయనకు గుంత భైరవుడని పేరు. ఎంతటివారైనా మోకాళ్ల మీద వంగి చూస్తేనే దర్శనమవుతుంది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గొర్రెలు కాచుకునే బొమ్మన్న, ఆయన భార్య సిద్దమ్మ గుడిసె వేసుకుని ఉండేవారు. ఊరి తలారి గస్తీ పొలిమేర రాయి దాకానే. చాకలి, మంగలి కూడా వంక దాటి వచ్చేవారు కారు. ఈ దంపతులకు కావలి, తోడు, పిల్లలు అన్నీ కుక్కలే. ఊళ్లో ముసలిదైపోయిందని, గజ్జి పట్టిందని తరిమేసిన ప్రతి కుక్కా వంక దాటి సిద్దమ్మ గుడిసెకే చేరేది. ఆమె వాటికి వేపనూనె రాసి, సంగటి కలిపి పెట్టేది. బొమ్మన్న గొణిగేవాడు. గొణుగుతూనే మరో ముద్ద కలిపేవాడు.

ఈ కుక్కలకు ఒక పాడు అలవాటు ఉండేది. గుడిసె వెనుక గొర్రెల దొడ్డి పక్కన ఒకే చోట గుంత తవ్వి, ఎండ పొద్దంతా అందులో పడుకునేవి. ఒకసారి ఒక గొర్రె ఆ గుంతలో కాలు పెట్టి విరగ్గొట్టుకుంది. అప్పటి నుంచి బొమ్మన్న సాయంత్రం కాగానే మట్టి లాగి గుంత పూడ్చేవాడు. తెల్లవారితే కుక్కలు మళ్లీ తవ్వేవి. గొర్రె కాలు గురించి అంత ఆలోచించిన మనిషి, కుక్కలు అక్కడే ఎందుకు తవ్వుతున్నాయని ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఇలా ఉండగా వరుసగా వానలు లేకపోయాయి. వంకలో తోడుకునే చెలమలు ఎండిపోయాయి. సిద్దమ్మ ఊరి బావికి కడవతో వెళ్తే అక్కడా నీళ్లు అడుగంటాయి. ఊరి పెద్ద చెన్నప్ప గౌడు చెడ్డవాడు కాడు, కాని ఊరి బాధ ఆయనకుంది.

"సిద్దమ్మా, నీళ్లు ఊళ్లో ఉండేవాళ్లకే సాలడం లేదు. మీరిద్దరూ వచ్చి ఊళ్లోనే ఉండండి. ఇల్లు నేను సూపిస్తా. కుక్కల్ని తెచ్చేది మాత్రం వద్దు."

"వాటిని యాడ ఇడ్సల్ల గౌడా? మీరు ఇడ్సిపెట్టినవే గదా అవన్నీ."

గౌడు ముఖం తిప్పుకుని ఇంటిదారి పట్టాడు.

నీళ్లు లేనిదే బతుకు లేదు. వెళ్లిపోవడానికి దంపతులు సోమవారం ఖాయం చేసుకున్నారు. ఆ పొద్దున సిద్దమ్మ ఉన్న రాగిపిండంతా వండి కుక్కలకు పెట్టింది. అది ఆగితే మిగతావీ వెంట పడవని, అన్నిటికన్నా ముసలిదైన నల్లకుక్క కర్రిదాన్ని గుంజకు కట్టింది. అది మూతి చాపి ఆమె చెయ్యి నాకింది. ఆ తల్లి మూటలు సర్దడం మాని గుడిసెలో పడి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

కలలో నల్లటి స్వామి ఒకడు కనిపించి, "అమ్మా, దినామూ నా పడక మీద మన్ను పోస్తా ఉంటే నేను యాడ పండుకోవల్ల?" అని అడిగాడు.

లేచి భర్తకు చెప్పింది. బొమ్మన్న నవ్వాడు.

"ఆ గుంతలో పండేది మన కర్రిది గదే! సామి యాడుండాడు?"

"నువ్వు పూడ్చింది సాలు. ఈ ఒక్క దినం తవ్వు."

బొమ్మన్న గడ్డపార పట్టాడు. మొదట చల్లటి మన్ను వచ్చింది. తర్వాత తడి మన్ను వచ్చింది. ఆ తర్వాత గడ్డపారకు రాయి తగిలింది. మన్ను తుడిస్తే ఒత్తిగిలి పడుకున్న భైరవుడు, ఆయన కాళ్ల దగ్గర ముడుచుకున్న కుక్క కనిపించాయి. విగ్రహం కింది నుంచి నీరు ఊరుతోంది. బొమ్మన్న చెంపలు వాయించుకుని స్వామిని నిలబెట్టబోయాడు. సిద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది.

"లేపొద్దయ్యా. ఇన్నాళ్లకు పండుకోనిచ్చినాం."

ఆమె కడవ తెచ్చేలోగా కుక్కలన్నీ గుంత చుట్టూ చేరి నీళ్లు తాగుతున్నాయి. సిద్దమ్మ అదిలించలేదు. కర్రిదాని తాడు విప్పి దాన్నీ తెచ్చింది. మూటలు విప్పేశారు.

కొన్నాళ్లకు ఊరి బావి పూర్తిగా ఎండింది. ఊరంతా కడవలతో వంక దాటింది, ముందు చెన్నప్ప గౌడు.

"నీళ్లు అందరివీ గౌడా. కాని ముందు కుక్కలు తాగల్ల" అన్నది సిద్దమ్మ.

ఊరంతా నిలబడింది. కర్రిది ముసలిది కనుక తాగడం ఆలస్యమైంది. అంతసేపూ గౌడు కడవ చంకన పెట్టుకుని ఓపిగ్గా ఉన్నాడు.

"ఆపొద్దు నేనన్న మాట మనసులో పెట్టుకోవాకమ్మా" అన్నాడు చివరికి.

"నాతో ఏం సెప్తావు గౌడా? వాటికి నీళ్లు పొయ్యి."

గౌడు కడవ ముంచి, గుంత పక్కన కుక్కల కోసం పెట్టిన రాతి తొట్టిని తన చేతులతోనే నింపాడు.

ఆ మర్యాద నేటికీ సాగుతున్నది. కార్తీక బహుళాష్టమినాడు ఊరి పెద్ద తొట్టి నింపాలి, కుక్కలు తాగాలి, ఆ తర్వాతే భక్తులకు తీర్థం. ఒంటరి తావులో ఇల్లు కట్టుకునేవారు ఇక్కడి తడి మన్ను తీసుకుపోయి గుమ్మం కింద వేసుకుంటారు. అలాంటివారి ఇంటికి స్వామి రాత్రింబవళ్లు కావలి ఉంటాడు, వారి నీటికి లోటు రానీయడు.

సాకలేమంటూ కుక్కను తెచ్చి ఇక్కడ వదిలిపోయేవారు ఇప్పటికీ వస్తుంటారు. వారికి తీర్థం ఇవ్వరు. వారు తెచ్చిన కుక్కకు మాత్రం మొదట పోస్తారు.