చెప్పుల దగ్గర కూర్చున్న గురువు

కొండయ్య శెట్టి బట్టల కొట్లో దొంగతనాలు ఎక్కువయ్యాయి. అదీ కన్నం వేసి కాదు. పట్టపగలు, పరుపుల మీద కూర్చుని, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి మరీ ఎత్తుకుపోతున్నారు. పోయేది ఒక్క చీరే అయినా శెట్టికి మాత్రం ఎవరో చెంప మీద కొట్టి పోయినట్టుండేది.

ప్రొద్దుటూరులో అది పాత పద్ధతి కొట్టు. వచ్చినవాళ్ళు చెప్పులు గుమ్మం బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపుల మీద కూర్చోవాలి. గుమ్మం దగ్గర స్టూలు మీద, నెత్తిన ఎర్ర టోపీతో ఓబులేసు కాపలా ఉంటాడు. ఇరవై ఏళ్ళుగా చెప్పులు చూసీ చూసీ అతను ఒక సంగతి కనిపెట్టాడు. మామూలు మనిషి బయటికి రాగానే చెప్పులు వెతుక్కుంటాడు. దొంగ వాటిని వదిలేసి పోతాడు.

అట్లా పోయేవాడు కనబడితే అడ్డం పడి పట్టుకోవాలని శెట్టి హుకుం.

పోయిన శుక్రవారం ఓబులేసు ఒకణ్ణి పట్టుకున్నాడు. శెట్టి పరుపు మీద నుంచి కదలకుండానే "వదలొద్దు, వదలొద్దు" అని కేకలు పెట్టాడు. దొంగ బ్లేడు తీసి ఓబులేసు ముంజేతి మీద గీశాడు. తొమ్మిది కుట్లు పడ్డాయి. చీర మాత్రం దక్కింది. దాని మీద ఒక్క నెత్తుటి చుక్క కూడా పడలేదని శెట్టి ఐదారు రోజులుగా వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతున్నాడు.

గురువుకూ చెప్పాడు. గురువంటే హుస్సేనయ్య తాత. ఊరి బయట చిన్న దర్గా పక్కన ఉంటాడు. డెబ్బై ఆరేళ్ళవాడు, గట్టిగా గాలొస్తే పడిపోయేలా ఉంటాడు. శెట్టి పదిహేనేళ్ళుగా ఆయన మాట జవదాటని శిష్యుడు.

"మిగతా పనోళ్ళు భయపడతాండారు సామీ. దొంగొస్తే పక్కకు తప్పుకుంటామంటాండారు. ఉప్పు తిన్నాక ఆ మాత్రం చెయ్యొద్దా? మీరొచ్చి ఒక మాట చెప్పండి. మీరంటే వాళ్ళకు గురి."

తాత ఒక్కటే అడిగాడు.

"ఓబులేసు చెయ్యి ఎట్లుంది?"

ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో శెట్టికి అర్థం కాలేదు. "పనికి వస్తానే ఉండాడు సామీ" అన్నాడు.

"రేపొస్తాలే" అన్నాడు తాత.

శెట్టి సంబరపడిపోయాడు. మర్నాడు పొద్దున్నే కొత్త దుప్పట్లు పరిపించి, గురువుకు పెద్ద దిండు వేయించి, పనివాళ్ళను వరసగా కూర్చోబెట్టాడు. తాత వచ్చాడు గానీ గుమ్మం దాటలేదు. ఓబులేసు నెత్తి మీది టోపీ తీసి తను పెట్టుకున్నాడు. "నువ్వు పోయి ఆ దిండుకు ఆనుకో నాయనా" అని అతన్ని లోపలికి తోలి, స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడే వచ్చిన ఒకావిడ విడిచిన చెప్పులు వంగి తీసి, జతగా పక్కన పెట్టాడు.

శెట్టి అది చూశాడు. తను రోజూ కాళ్ళకు మొక్కే మనిషి ఊళ్ళోవాళ్ళ చెప్పులు సర్దుతున్నాడు. పరుగున వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఏంది సామీ ఇది? జనం చూస్తే నా మొహాన ఉమ్మేస్తారు. లెయ్యండి."

"మాట చెప్పమంటివి కదా. నాకు నోటితో చెప్పేది చాతకాదు. ఓబులేసు చెయ్యి మానేదాకా ఈ పని నేను చేస్తా. నువ్వు పెట్టిన హుకుమే నాకూను."

శెట్టి బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. తాత మాత్రం మజ్జిగ తాగి, చెప్పులు సర్దుకుంటూ రెండు రోజులు గడిపేశాడు. లోపల ఓబులేసు దిండును తాకడానికి కూడా భయపడి పరుపు అంచున ముడుచుకు కూర్చున్నాడు.

మూడో రోజు శ్రావణమాసం రద్దీతో కొట్టు కిటకిటలాడుతోంది. వదులు చొక్కా తొడుక్కున్న ఒకడు పరుపు మీద నుంచి లేచాడు. గుమ్మం దగ్గరికొచ్చి, తన చెప్పుల వైపు చూడనైనా చూడకుండా మెట్టు దిగబోయాడు.

తాత లేచి, రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు.

"నాయనా, చీర ఇచ్చి పో."

వాడు నడుము దగ్గర తడుముకుని కత్తి బయటికి తీశాడు.

శెట్టి ఆ కత్తి చూశాడు. ఎలా లేచాడో ఆయనకే తెలియదు. పరిచిన పట్టుచీరలు తొక్కుకుంటూ, జనాన్ని నెట్టుకుంటూ గుమ్మం వైపు ఉరికాడు.

"వదిలెయ్యండి సామీ! పోనియ్యండి వాణ్ణి! పోతే చీరే కదా పోయేది!"

తాత వెంటనే చేతులు దించి పక్కకు జరిగాడు. వాడు రోడ్డున పడి పారిపోయాడు.

శెట్టి గురువు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఎక్కడైనా తెగిందేమోనని ఆయన ముంజేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు. చిన్న గీత కూడా పడలేదు. అయినా శెట్టి చిన్నపిల్లాడిలా భోరుమని ఏడ్చాడు.

ఏడుపు తగ్గేదాకా తాత ఆగాడు. తర్వాత శెట్టిని లేపి, భుజాలు పట్టుకుని మెల్లగా లోపలి వైపు తిప్పాడు. పరుపు అంచున ఓబులేసు, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, యజమానినే రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"ఇప్పుడు అంటివే, ఆ మాట ఇంగోసారి అను శెట్టీ" అన్నాడు తాత. "ఈసారి ఓబులేసును చూసి అను."