లక్కముద్రల వీణ

పొద్దెక్కినా పొగమంచు వీడని ఒకానొక రాజ్యంలో, ఏటి మధ్య తేలుతున్నట్టుండే మేడలో విజయధ్వజుడనే రాజు ఉండేవాడు. ఆ రాజ్యంలో ఏనుగులూ ఉన్నాయి, కంప్యూటర్లూ ఉన్నాయి. విద్యాపీఠం విద్యార్థులు కంప్యూటర్లతో ఏటి పోటును ముందుగా లెక్కగట్టి ఊళ్లకు కబురు పంపేవారు.

ఆ ఏడు లెక్క తప్పసాగింది. ఆస్థానంలో మాటకారిగా పేరుపడ్డ పేరిందేవి విద్యాపీఠానికి వెళ్లి ఆరా తీసింది.

"తప్పు ఎక్కడుందో మాకు తెలుస్తూనే ఉందమ్మా" అంది తారావళి అనే విద్యార్థిని. "కానీ ఈ సాఫ్ట్‌వేర్ లోపల ఏముందో చూడనివ్వరు. దిద్దాలంటే సముద్రం అవతలి వర్తకులే దిద్దాలి. ఓపెన్ సోర్స్‌ది ఒకటుంది. దాన్ని ఎవరైనా విప్పి చూసి దిద్దుకోవచ్చు. రాజుగారే ఒప్పుకోవడం లేదు. వానలేమో ముంచుకొస్తున్నాయి."

పేరిందేవి పుట్టిన ఊరు ఏటి ఒడ్డునే ఉంది. తిన్నగా సభకు వెళ్లి విన్నవించింది.

రాజు మీసం దువ్వాడు. "నా విద్యాపీఠంలో దారినపోయేవాడు వేలుపెట్టే సరుకా? లోపలేముందో ఎవరికీ తెలియకపోవడమే రాజసం!"

"చిత్తం ప్రభూ" అని వచ్చేసింది. వాదిస్తే ఆయన మరీ బిగుసుకుంటాడు.

వారం తిరక్కుండా రాజుకొక కొత్త వీణ కానుకగా తెచ్చింది. దంతపు పనితనం చూసి రాజు మురిసిపోయాడు. ఆ సాయంకాలం ఏటి మీద ఆవిరి తెరలు తెరలుగా లేస్తుంటే, కళ్లు మూసుకుని మీటడం మొదలుపెట్టాడు. ఒడ్డు వెంట పోయే పడవలవాళ్లు తెడ్లు ఆపి విన్నారు.

ఇంతలో చెమ్మగాలికి తీగ సడలి శ్రుతి జారింది. బిరడా తిప్పబోతే రాజు వేలికి లక్క తగిలింది. చూస్తే బిరడాలన్నిటికీ లక్కముద్రలే!

"ఏమిటిది?"

"విప్పకూడదు ప్రభూ. చేసినవాడే వచ్చి సవరించాలి. మూడు నెలల్లో ఓడ వస్తుంది."

"వీణ నాది! అపశ్రుతి నా చెవికి తెలుస్తోంది! నేను సవరించుకోకూడదా?"

"విద్యార్థులూ ఆ మాటే అంటున్నారు ప్రభూ."

రాజు ఉలిక్కిపడ్డాడు. అయినా తగ్గలేదు. "అందరూ బిరడాలు తిప్పితే వీణ పాడైపోదూ?"

"తిప్పేవాడు తప్పు చేస్తే వినేవాళ్లు పట్టేస్తారు. లక్క వేస్తే మాత్రం వినేవాళ్లకు చెవులు మూసుకోవడమొక్కటే మిగులుతుంది."

రాజు పకపకా నవ్వాడు. నవ్వుతూనే గోటితో లక్క పెళ్లగించి, తీగ బిగించి మీటాడు. ఈసారి స్వరం మంచులోకి తేటగా సాగిపోయింది.

"రేపటినుంచి అన్ని విద్యాపీఠాల్లోనూ ఓపెన్ సోర్స్‌దే వాడతారు. నీకేం కావాలో కోరుకో, పేరిందేవీ!"

"మా ఊరికి పన్నెండు పెద్ద పడవలు ఇప్పించండి ప్రభూ."

రాజు అప్పటికప్పుడే ఇప్పించాడు. తారావళీ ఆమె తోటివాళ్లూ తప్పు దిద్ది కబురు పంపారు. ఊరంతా ఆ పడవలెక్కి అవతలి గట్టుకు తరలిపోయింది. మూడోనాడు ఏరు మెత్తగా, చప్పుడు లేకుండా వచ్చి, అరుగులన్నీ ఎక్కి, ఒక్కో గుమ్మంలోనూ తొంగి చూసింది. ఏ ఇంట్లోనూ ఎవరూ లేరు.